పట్టుపురుగుల పక్కన తుపాకీ క్లబ్బు

మా క్లబ్బుకు కొత్తగా ఎవరొచ్చినా నేను మొదట అడిగే మాట ఒకటే: "ఎవరి మీదప్పా కోపం?"

కొందరు నవ్వేస్తారు. కొందరు బిగుసుకుపోయి, "అబ్బే, అట్లాంటిదేం లేదన్నా" అంటారు. ఒకాయన మాత్రం నిజంగానే ఆలోచనలో పడ్డాడు. "మా సూపర్‌వైజర్ మీద రవ్వంత ఉండాది" అన్నాడు చివరికి. ఆయనకు టీ ఇప్పించాను గానీ తుపాకీ ఇవ్వలేదు. కోపం చల్లారేదాకా వాడేసిన గుళ్లు ఏరే పని అప్పగించాను. ఇప్పుడు మా అందరిలోకీ నిదానంగా గురి చూసేది ఆయనే. సూపర్‌వైజర్ క్షేమంగా ఉన్నాడు.

ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరమూ సంతోషంగానే విడిపోయాం. అక్కణ్ణుంచి హోసూరులో లేతు మిషన్ ముందు నిలబడ్డాను. ఒకరోజు ఎవరో గాలి తుపాకీ తెచ్చి, గాలి కారిపోతోంది, బాగుచెయ్యమన్నారు. లోపలి వాషర్ అరిగిపోయింది. కొత్తది తయారుచేసి వేశాను. పనిచేస్తోందో లేదో చూడాలి కదా అని గోడ మీద ఖాళీ డబ్బా పెట్టి కొట్టాను. తగల్లేదు. ఇంకోటి కొట్టాను. అదీ తగల్లేదు. లేతు మీద వెంట్రుకవాసి తేడా రానివ్వని చెయ్యి నాది, డబ్బాకు తగలకపోవడమేమిటని రోషం వచ్చింది. ఆ రోషమే మా క్లబ్బు.

మావి గాలి తుపాకులే. మందుగుండు ఉండదు. లోపల స్ప్రింగు గాలిని నొక్కితే, ఆ గాలి మినపగింజంత సీసపు గుండును తోస్తుంది. పది మీటర్ల అవతల ఒక కార్డు, దాని మీద చుట్లు, చుట్ల మధ్యలో చుక్క. ఆ చుక్క కోసమే ఈ భాగోతమంతా.

భాగోతానికి చోటు దొరకడమే కష్టమైంది. మేడ మీద పెడదామంటే పక్కింటివాళ్ల చీరలు ఆరేసి ఉండేవి. కల్యాణమండపం వాళ్లు "తుపాకులా?" అని నన్ను పైనుంచి కిందిదాకా చూసి గేటు వేసుకున్నారు. ఆఖరికి కెలమంగలం రోడ్డులో ఒక పాత పట్టుపురుగుల షెడ్డు దొరికింది. దాని యజమాని ఒక పెద్దాయన. ఆయన భార్య బతికున్నంతకాలం అందులో పురుగులు పెంచింది. ఆమె పోయాక మేకలు కట్టేశారు. మేకలను బయటికి తోలి మేం దూరాం.

చోటైతే దివ్యంగా కుదిరింది. పట్టుపురుగుకూ గురి చూసేవాడికీ కావలసినవి ఒకటే. గాలి విసరకూడదు, వెలుతురు సూటిగా పడకూడదు, పక్కన ఎవరూ వాగకూడదు. ఆ మూడోదానితోనే నాకు ఇబ్బంది.

ఇబ్బంది ఇంకోటి కూడా ఉంది. మా షెడ్డుకు ఎదురుగా, ఎద్దులబండి పట్టేంత సందు అవతల, ఇంకో షెడ్డు. అందులో ఒక అక్క ఇప్పటికీ పురుగులు పెంచుతుంది. నా ఈడుదే. మేం చేరిన వారంలోనే కొంగు బిగించుకుని వచ్చింది.

"ఏమప్పా, ఏమి ఈ టప్ టప్? నా పురుగులు జ్వరానికి కూసోనుండాయి."

జ్వరమంటే మనకొచ్చేది కాదు. పురుగు పెరిగేటప్పుడు పాత చర్మం విడవడానికి మేత మానేసి కదలకుండా ఉంటుంది. దాన్నే ఈ పక్క జ్వరం అంటారు. అప్పుడు ఎవరూ కదిలించకూడదు. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా నోరు ఊరుకోలేదు.

"జ్వరమైతే మాత్ర వెయ్యల్ల గానీ అక్కా, నా మీదికొస్తే ఎట్ల?"

ఆమె నవ్వలేదు. నేరుగా పెద్దాయన ఇంటికి పోయింది. సాయంత్రం ఆయన నన్ను పిలిపించాడు.

"ఇదో చూడప్పా. ఈ తావులో ఆయమ్మ పురుగులు ముందు, నువ్వు ఎనక. ఈ పంట గూడు కట్టి, గూళ్లు మార్కెట్టుకు పోయే దినము ఆయమ్మనే అడుగుతా. ఉండనీ అంటే ఉండు. ఒద్దంటే నీ తుపాకులు ఎత్తుకోని పో."

"నువ్వు చెప్పేది న్యాయమే పెద్దాయనా. అయితే ఆమె నవ్వదే?"

"నువ్వు నవ్వించొద్దు. సుమ్మనుండు. అది చాలు."

అంటే మా క్లబ్బు బతుకు ఆ అక్క నోటిమాట మీద ఉంది. ఇంకో చోటు దొరకదని నాకు తెలుసు. హోసూరంతా తిరిగి తిరిగి వచ్చిన చోటు ఇది. నా అంతటి వాగుడుకాయను నేనే నోరు మూసుకుని సుమ్మనుండటం మొదలుపెట్టాను. వెనక గోడకు గోనెపట్టాలు రెండు మడతలు కట్టించాను. ఆమె కనిపిస్తే తల వంచుకుని పోయేవాణ్ణి. మా వాళ్లు, "అన్నకు ఒళ్లు బాగలేదా?" అని గుసగుసలాడుకున్నారు.

ఇంతలో కొత్తవాళ్లను చేర్చుకునే ఆదివారం వచ్చింది. కంపెనీలకు సెలవు చూసి ముందే అందరికీ చెప్పేశాం, మార్చడానికి లేదు. అందుకని ముందురోజే అక్క గడప దగ్గర నిలబడి చెప్పాను.

"అక్కా, రేపు కొత్తోళ్లు వస్తారు. నిలబడేది, తుపాకీ పట్టుకునేది నేర్పిస్తాం, అంతే. ఒక్క గుండు కూడా కొట్టం."

"నాలుగో జ్వరం లేచినాయి. బకబకా తింటా ఉండాయి. ఇంగ పండి గూడు కట్టేదే మిగిలుండాది. ఇప్పుడు ఏమన్నా అయిందంటే పంట పోతాది." నా వైపు వేలు చూపించింది. "శబ్దం రాకూడదు."

"రాదు."

రాలేదు కూడా. శబ్దం విషయంలో నేను మాట నిలబెట్టుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున వచ్చినవాళ్లలో ఒక శ్రీకాకుళం అమ్మాయి ఉంది. హోసూరులో సెల్‌ఫోన్ల విడిభాగాలు చేసే కంపెనీలో పని, లేడీస్ హాస్టల్లో ఉంటుంది. టౌన్ బస్సులో టికెట్లు కొట్టి కొట్టి రిటైరైన కండక్టరాయన వచ్చాడు. సూళగిరి ఫ్యాక్టరీ నుంచి ఒక కుర్రవాడు ఒంటినిండా సెంటు పూసుకుని వచ్చాడు. ఇంకా నలుగురైదుగురు. నా ప్రశ్న అందరినీ అడిగాను. శ్రీకాకుళం అమ్మాయి మాత్రం నన్నే తిరిగి అడిగింది.

"కోపం ఏటీ లేదండీ. మీకెవలి మీదండీ?"

"నా మీద నాకేనమ్మా. అందుకే గురి ఎప్పుడూ అవతలి పక్కకే పెడతాను."

ఆ రోజే మా క్లబ్బుకు కొత్త తుపాకీ కూడా వచ్చింది. కొత్తదంటే మాకు కొత్త. ఇద్దరు ముగ్గురి చేతులు మారి, పోటీల్లో నిలబడగలిగేంత మంచి తుపాకీ మా చేతికొచ్చింది. ఇక చూడండి. మావాళ్లలో సగం మంది లేతు, మిల్లింగు, వెల్డింగు వాళ్లం. మా దగ్గర ఏ మిషన్ దిగినా బొట్టు పెట్టకుండా, పొగ వెయ్యకుండా స్విచ్ వెయ్యం. తుపాకీ కూడా మిషనే కదా. బల్ల మీద తెల్లగుడ్డ పరిచాం. పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయ. పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో నిప్పుల ధూపపాత్రతో తానే వచ్చాడు.

"ఏటండీ బాబూ, తుపాకీకి కూడా బొట్టేటండీ?" అంది అమ్మాయి.

"మా ఊర్లో బొట్టు లేకుంటే స్క్రూడ్రైవర్ కూడా తిరగదమ్మా."

"నా టికెట్ మిషన్‌కు కూడా పెట్టినాంలే" అన్నాడు కండక్టరు. "అయినా చిల్లర మాత్రం సరిగ్గా రాలే."

పెద్దాయన నిప్పుల మీద సాంబ్రాణి చల్లాడు. పొగ సన్నగా లేచింది. ఆయనకది ఆనలేదు.

"పొగ బాగా రావల్లప్పా. రవ్వంత పొగకు దేవుడు తిరిగి కూడా చూడడు."

ఇంకో గుప్పెడు చల్లాడు. పొగ గుమ్మంలోంచి, కిటికీలోంచి దట్టంగా బయటికి పోయింది. ఎంత బాగుందో అనుకున్నాం. సెల్‌ఫోన్లు తీసి ఫోటోలు కూడా పట్టాం. సందు అవతల ఏముందో ఒక్కరికీ గుర్తు రాలేదు. శబ్దం, శబ్దం అని చెవులు కాపాడుకుంటూ ముక్కును మర్చిపోయాం.

అక్క వచ్చింది. కొంగు బిగించలేదు, అరవలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

"పొగ ఎవురిది?"

అందరూ నన్ను చూశారు. నేను పెద్దాయనను చూశాను. పెద్దాయన తుపాకీని చూశాడు. అక్కడున్నవాళ్లలో ఏ పాపమూ ఎరగనిది అదొక్కటే.

"పురుగులు తల ఎత్తేసినాయి" అంది అక్క. "మేత ముట్టలే."

మేత వదిలేసి తల పైకెత్తి నిలిచాయంటే పురుగులకు ఏదో పడలేదని. అది ఎంత దూరమైనా పోవచ్చు. పెద్దాయన చేతిలో ధూపపాత్ర అట్లాగే ఉండిపోయింది.

"మా ఇంట్లో ఆయమ్మ బతికున్నప్పుడు షెడ్డు పక్క బీడీ కూడా తాగనిచ్చేది కాదు నన్ను" అన్నాడు ఆయన, ఎవరికో చెబుతున్నట్టు. "పురుగులు ఆయమ్మ చూసేది. నేను గూళ్లు కృష్ణగిరికి మోసినోడినే గానీ లోపలికి ఏ దినము పోయినాను?"

"నువ్వు వేసిన సాంబ్రాణేనా మామా?"

"నేనేనమ్మా."

నా నోట్లో ఒక జోకు తయారుగా ఉంది. దేవుడు తిరిగి చూశాడులే పెద్దాయనా, అని. నా జన్మలో మొదటిసారి జోకును మింగాను. మాత్రకంటే చేదుగా ఉంది.

"ఇప్పుడేం చెయ్యల్లక్కా?"

"ఆ పక్క కిటికీలు తెరవల్ల. పొగ పట్టిన ఆకు తీసెయ్యల్ల. తోటలో కొత్త రెమ్మలు కోసి పరచల్ల. బిరీన కావల్ల." ఆమె చుట్టూ చూసింది. "కూలోళ్లు అంతా ఈ పొద్దు పెండ్లికి పోయినారు."

"మేమున్నాం కదండీ" అంది శ్రీకాకుళం అమ్మాయి. అప్పటికే చెప్పులు విడిచేసింది.

అక్క మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ఈ గుంపుకు పురుగులను అప్పగించడమా అన్నట్టుంది ఆ చూపు. వేరే దారి లేదు. తన గుమ్మం ముందున్న బ్లీచింగు నీళ్ల తొట్టి చూపించింది. చేతులు, కాళ్లు కడుక్కున్నాకే లోపలికి. సూళగిరి కుర్రవాడి వంతు వచ్చేసరికి ముక్కు మూసుకుంది.

"నువ్వు తోట ఆ కొసన కొయ్యి నాయనా. గాలి ఇట్లకి తిరిగిందంటే ఇంగా దూరం పో."

తుపాకీ పట్టుకుందామని వచ్చినవాళ్ల చేతికి కొడవళ్లు వచ్చాయి. కండక్టరాయన తోటకూ షెడ్డుకూ మధ్య మనుషులను వరసగా నిలబెట్టాడు. "ముందుకు జరగండప్పా, వాకిట్లో నిలబడొద్దు, లోపల తావుండాది!" అని అలవాటు కొద్దీ కేక. మల్బరీ రెమ్మలు ఒక చేతిలోంచి ఇంకో చేతికి నడిచాయి. ఎండకు ఆకు వాడిపోతుందని అక్క తడి గోనెపట్టా కప్పించింది. పెద్దాయన పంచె ఎగ్గట్టి తానూ వరసలో నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు. వద్దంటే ఇంకా బాధపడేవాడు.

లోపల అరలు అరలుగా తట్టలు, వాటి మీద వేలెడంత తెల్లటి పురుగులు. అవన్నీ తలలెత్తి నిశ్చలంగా ఉన్నాయి. పాత రెమ్మలను తీయాలి, పురుగును నొక్కకూడదు. కొత్త రెమ్మను పరచాలి, పైనుంచి పడెయ్యకూడదు. నేను పరిచిన రెండో రెమ్మకే అక్క నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపింది.

"నువ్వు మోసేదానికి పో అప్పా."

శ్రీకాకుళం అమ్మాయిని మాత్రం ఉండనిచ్చింది. ఆ పిల్ల ఊపిరి కూడా తెలియకుండా రెమ్మలు దింపుతోంది.

"యాడ నేర్చినావమ్మా ఇంత మెత్తగా?"

"కంపెనీలోనండీ. అద్దం బిళ్లలు పేర్చాలి. చెయ్యి ఊగిందంటే లైను ఆగిపోద్ది, అందరూ నన్నే చూస్తారు."

"ఇవి కూడా అట్లే. ఆగిపోయినాయి, నన్నే చూస్తా ఉండాయి" అంది అక్క. ఆ మాటకు నవ్వాలో వద్దో తెలియక ఇద్దరూ పని చేసుకున్నారు.

అన్ని తట్టలూ అయ్యాక ఇక చేసేదేమీ లేదు. బయట సందులో గొంతుక్కూర్చున్నాం. ఆ రోజు వీళ్లకు నేను నేర్పాలనుకున్న మొదటి పాఠం ఊపిరి బిగపట్టి కదలకుండా ఉండటం. నేర్పే పనే పడలేదు. అందరూ అట్లాగే ఉన్నారు. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. నేను మాట్లాడలేదు. చెప్తే నమ్మరు గానీ మాట్లాడాలని అనిపించలేదు కూడా. క్లబ్బు గురించి కాదు, ఆ తలలెత్తిన పురుగుల గురించే గుబులుగా ఉంది. అవి మేత పడితే చాలు, మేం ఎటు పోయినా పోతాం అనిపించింది. ఆ మాట నాలో నాకే కొత్తగా వినిపించింది.

చాలాసేపటికి లోపలినుంచి అమ్మాయి చెయ్యి ఊపింది. వేళ్ల మీద నడిచి వెళ్లాం. ఒక ఆకు అంచున చిన్న గంటు పడింది. పక్క ఆకుకు ఇంకోటి. కాసేపటికి ఎవరో దూరంగా పల్చటి కాగితాలు చింపుతున్నట్టు చప్పుడు మొదలైంది. అక్క అందరికంటే ఆఖరున నమ్మింది. తట్ట తట్టకూ తిరిగి చెవి పెట్టి వింది.

"తింటా ఉండాయి" అంది బయటికొచ్చి. మేం కేక వేయబోతే చెయ్యెత్తి ఆపింది. "సంతోషపడొద్దండి అప్పుడే. గూడు కడితేనే మాట."

క్లబ్బుకు నేనే తాళం వేసి, తాళంచెవి పెద్దాయనకు ఇచ్చేశాను. ఎవరూ వేయమనలేదు. కొత్తవాళ్లకు ఫోన్ చేసి, పంట అయ్యేదాకా క్లబ్బు లేదు, తర్వాత సంగతి తర్వాత, అని చెప్పాను. వీళ్లిక రారనే అనుకున్నాను. తుపాకీ అని పిలిచి కొడవలి చేతికిచ్చి పంపిన క్లబ్బుకు ఎవరొస్తారు?

వచ్చారు. తర్వాతి ఆదివారం కండక్టరాయన తన పాత స్కూటరు మీద అమ్మాయిని ఎక్కించుకుని వచ్చాడు. వెనకాలే సూళగిరి కుర్రవాడు, సెంటు లేకుండా, తల స్నానం చేసి.

"క్లబ్బు లేదని చెప్తిని కదప్పా?"

"క్లబ్బుకు ఎవురొచ్చినారు?" అన్నాడు కండక్టరు. "పురుగులు ఎట్లుండాయని వచ్చినాం."

పురుగులు పండుతున్నాయి. పండిన పురుగు ఒళ్లు కాస్త పసుపు తిరిగి, వెలుగు దూరేటట్టు అవుతుంది. అలాంటివి చూసి ఏరి, గూడు కట్టుకోవడానికి చంద్రికలనే వెదురు తడకల మీదికి వదలాలి. ఆలస్యమైతే తట్టలోనే పట్టు కక్కి వృథా చేస్తాయి. అక్కకు మనుషులు చాలలేదు. మళ్లీ తొట్టిలో కాళ్లు కడిగాం. పండినదేదో కానిదేదో మొదట్లో తెలియక తలా ఒక మాట పడ్డాం. "అది పచ్చిది! దాన్ని ఏల ఎత్తినావు? నిన్ను అట్ల నిద్దరలోంచి ఎత్తితే ఊరుకుంటావా?" అని అక్క సూళగిరి కుర్రవాణ్ణి అడిగింది. "మా హాస్టల్లో రోజూ ఎత్తుతారక్కా" అన్నాడు వాడు. అక్క నవ్వింది. నేను ఇన్నాళ్లూ చెయ్యలేనిది వాడు ఊరికే చేసేశాడు. నాకు కొంచెం అసూయ వేసింది.

గూళ్లు దిగాయి. మా కిటికీకి ఎదురుగా ఉన్న అరలో మాత్రం పలచగా, మెత్తగా కట్టాయి. మిగిలినవి గట్టిగా, తెల్లగా ఉన్నాయి. అక్క ఆ పలచటివాటిని విడిగా బుట్టలో పోసి గుమ్మం దగ్గరే పెట్టింది. దాచలేదు. పెద్దాయన వచ్చినప్పుడు అవే మొదట కనబడ్డాయి.

చెప్పినట్టే ఆయన అడిగాడు. మేమంతా సందులో నిలబడి ఉన్నాం. గూళ్ల బస్తాలు కృష్ణగిరి మార్కెట్టుకు టెంపోలో ఎక్కుతున్నాయి.

"చెప్పమ్మా. వీళ్లు ఉండల్లనా, పోవల్లనా?"

అక్క గుమ్మం దగ్గరి బుట్టలో చెయ్యి పెట్టింది. పలచటి గూడొకటి తీసి వేళ్లతో నొక్కింది. లొత్తపడింది.

"ఇది మీరు చేసిందే" అంది, నన్నూ పెద్దాయననూ కలిపి చూస్తూ. "లేదని చెప్పను."

"లేదని మేమూ చెప్పం" అన్నాను.

"పొగ వెయ్యకూడదు. దేవునికి కోపం వస్తే నాతో చెప్పమను. పురుగులు జ్వరానికి కూసున్న దినాలు తుపాకీ ముట్టకూడదు. నేను చెప్తా ఎప్పుడో. ఏ షెడ్డు లోపలికి ఎవురొచ్చినా, పురుగులు ఉన్నా లేకున్నా, కాళ్లు కడగల్ల." పెద్దాయన వైపు తిరిగింది. "ఉండనీ మామా. వీళ్లను తోలేస్తే చంద్రికలప్పుడు నాకు మనుషులు యాడ దొరుకుతారు? పెండ్లిండ్ల కాలం వస్తా ఉండాది."

పెద్దాయన తాళంచెవి నా చేతిలో పెట్టి, ఏదో పని గుర్తొచ్చినట్టు టెంపో వెనకాలే నడిచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే షెడ్డు తెరిచాం. కాళ్లు కడుక్కుని కొత్తవాళ్లు వరసగా నిలబడ్డారు. మొదటి గుండు శ్రీకాకుళం అమ్మాయిది. పూజ చేయించుకున్న తుపాకీనే ఇచ్చాను. కాళ్లు ఎడంగా పెట్టించాను, వేలు ట్రిగ్గరు బయట ఉంచి గొట్టం కార్డు వైపే ఉండాలన్నాను. ఊపిరి సగం వదిలి ఆపమన్నాను. ఆ చెయ్యి ఎంత నిదానమో తట్టల దగ్గర చూసినవాణ్ణి కాబట్టి, మొదటి గుండుకే చుక్క ఎగిరిపోతుందని మావాళ్లతో చెప్పి ఉన్నాను.

గుండు చుక్కకు తగల్లేదు. కార్డుకు తగల్లేదు. వెనక గోనెపట్టా మడతల్లో ఎక్కడో దూరిపోయింది. అందరం వెదికాం, కనబడలేదు. అమ్మాయి ముఖం ఎర్రబడింది. సందు అవతలి షెడ్డు వైపు చూసి, "అక్కకు శబ్దం వినిపించిందేటో" అని గొంతు తగ్గించింది.

వినిపించినట్టే ఉంది. అక్క ఖాళీ తట్టలు కడుగుతూ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఎవురమ్మా అది? శ్రీకాకుళమా? భయపడొద్దు, కొట్టుకో! మళ్లా పంటకు చాకి పిల్లపురుగులు తెచ్చేదానికి ఇంగా దినాలుండాయి. అంతలోపల ఆ చుక్కను పట్టుకో!"

అమ్మాయి ఇంకో గుండు పెట్టింది.